మెడ పట్టేసి తలనొప్పి వస్తోందా? టక్కుమనిపించుకునే ముందు ఇవి చేసి చూడండి

"మెడ ఒక్కసారి టక్కుమనిపించియ్యండి బాబూ, బుర్ర నొప్పి పోద్ది."

శ్రీకాకుళంలో నేను ఫిజియోథెరపీ చేసే గదిలో వారానికి నాలుగైదు సార్లు ఈ మాట వింటాను. పలాసలో పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగి వచ్చేవాళ్లు ఉంటారు, విజయనగరం నుంచి వచ్చే టైలర్లు ఉంటారు. చాలామంది చేతిలో ఫోను, ఫోనులో వీడియో. ఒకాయన పేషెంటు తల పట్టుకుని గిర్రున తిప్పుతాడు, కొబ్బరి చిప్ప పగిలినంత చప్పుడు, పేషెంటు లేచి నవ్వుతాడు. "కైరోప్రాక్టిక్ అంటారట కదండీ, మీరు చేస్తారా?"

ఒక్కొక్కరికీ చెప్పే మాటే కాబట్టి ఇక్కడ వరసగా రాస్తున్నాను. మెడ నుంచి వచ్చే తలనొప్పికి చేతి వైద్యం, అంటే చేతులతో కీళ్లనీ కండరాలనీ కదిలించి చేసే వైద్యం, పనిచేస్తుంది. కానీ తలనొప్పులన్నీ మెడవి కావు. ఆ "టక్" శబ్దం వైద్యమూ కాదు. అది కీలులోని జిగురు ద్రవంలో గ్యాస్ చేసే చప్పుడు, మెటికలు విరిస్తే వచ్చేదే. జారిపోయిన ఎముకేదో చోటికి వచ్చిందనుకోకండి.

అన్నిటికంటే ముందు: వీళ్లు ఇంట్లో ఏమీ చేయకూడదు

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా వ్యాయామం వద్దు, మాలిష్ వద్దు, నా దగ్గరికి కూడా రావద్దు. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

- ఒక్క నిమిషంలోనే, ఎప్పుడూ ఎరగనంత తీవ్రంగా మొదలైన తలనొప్పి
- మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం, ఒక చెయ్యో కాలో చచ్చుబడి లాగేయడం
- ఒకటి రెండుగా కనిపించడం, నడిస్తే తూలడం, మింగడం కష్టమవడం
- జ్వరంతో పాటు గడ్డం గుండెకి ఆనించలేనంతగా మెడ బిగుసుకోవడం
- బండి మీంచి పడ్డాకో, తలకి దెబ్బ తగిలాకో మొదలైన నొప్పి
- 50 ఏళ్లు దాటాక కొత్తగా వచ్చిన తలనొప్పి, ముఖ్యంగా నమిలితే దవడ లాగుతున్నా, చూపు మసకబారినా
- గర్భిణులకు, ఈమధ్యే కాన్పైనవాళ్లకు కొత్తగా వచ్చినది
- మెడ విరిపించుకున్న గంటల్లో, రోజుల్లో మెడ ఒక పక్క కొత్తగా పోటు, కళ్లు తిరగడం, వాంతి

మూతి, మాట, చెయ్యి, కాలు విషయమైతే 108కి ఫోన్ చేయండి. తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

కావలసినవి

పెద్ద ఖర్చేమీ లేదు. ఒక చిన్న నోటుపుస్తకం లేదా గోడ క్యాలెండరు. పల్చటి నూలు తువ్వాలు (టర్కీ టవల్ అయితే మందం ఎక్కువై పట్టు దొరకదు). రెండు టెన్నిస్ బంతులు, అవి వేసి ముడి కట్టడానికి ఒక పాత సాక్సు. బంతులు మీ వీధిలో క్రికెట్ ఆడే పిల్లల దగ్గర దొరుకుతాయి, అడిగి తీసుకోండి. చేతుల్లేని కుర్చీ. వేడినీళ్ల సంచి, లేకపోతే పెనం మీద వేయించి గుడ్డలో కట్టిన ఉప్పు మూట. పూటకి ఇరవై నిమిషాలు, రోజుకి రెండు పూటలు.

1. ఇది మెడ తలనొప్పేనా? ముందు తేల్చుకోండి

మెడలో పై మూడు నరాలూ, ముఖం నుంచి వచ్చే నరమూ లోపల ఒకే చోట కలుస్తాయి. అందుకే తప్పు మెడలో ఉంటే నొప్పి కంట్లో తెలుస్తుంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

మెడది అయితే నొప్పి సాధారణంగా ఒక పక్కే ఉంటుంది. పుర్రె అంచు దగ్గర మొదలై, చెవి వెనక నుంచి పాకి, నుదుటికో కంటికో చేరుతుంది. మెడ తిప్పినా, ఒకే తీరులో ఎక్కువసేపు కూర్చున్నా పెరుగుతుంది. తలంతా గుడ్డ బిగించి కట్టినట్టు రెండు పక్కలా పట్టేస్తే అది టెన్షన్ తలనొప్పి కావచ్చు. దానికీ కింది వ్యాయామాలు మేలే చేస్తాయి. నరం కొట్టుకున్నట్టు పోటు, వికారం, వెలుతురు పడకపోవడం, చీకటి గదిలో పడుకోవాలనిపించడం ఉంటే అది మైగ్రేన్ దారి. దానికి వేరే మందులున్నాయి, డాక్టరును కలవండి.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. వెల్లకిలా పడుకోండి. ఇంట్లోవాళ్లు ఒకరు తల వెనక కూర్చుని, రెండు చేతులతో మీ తల బరువు మోస్తూ, గడ్డం గుండెకి దగ్గరయ్యేదాకా మెల్లగా పైకెత్తి ఉంచాలి. ఇప్పుడు మీరే తలను కుడికీ ఎడమకీ తిప్పండి. వాళ్లు మోయాలి గానీ తిప్పకూడదు, ఒక్క పిసరు కూడా నెట్టకూడదు. మీ ముక్కు గడియారం ముల్లు అనుకోండి. 12 దగ్గర మొదలైతే ఒకటిన్నర దాకా తిరగాలి, అంటే సుమారు 45 డిగ్రీలు. రెండో పక్క పదిన్నర దాకా. ఒక పక్క బాగా తిరిగి, రెండో పక్క ఒంటిగంట దగ్గరే ఆగిపోతే పై కీలు బిగిసినట్టే. రెండు పక్కలా ఎంతెంత తిరిగిందో ఫోనుతో ఫోటో తీయించి పెట్టుకోండి, తర్వాత పోల్చుకోవాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు: మెడ వెనక నొక్కి చూసి, "నొక్కితే నొప్పిగా ఉంది కాబట్టి మెడదే" అనేస్తారు. మైగ్రేన్ వచ్చినవాళ్లకీ మెడ నొక్కితే నొప్పే. నొక్కినప్పుడు మీకు రోజూ వచ్చే ఆ నొప్పే, అదే దారిలో కంటికి పాకితే అప్పుడు లెక్కలోకి తీసుకోండి.

ఎక్స్‌రే గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. "నాకు సర్వైకల్ వచ్చిందండీ" అంటూ కవరు పట్టుకొస్తారు. ఎవరికి లేదమ్మా సర్వైకల్? సర్వైకల్ అంటే మెడ అనే అర్థం. నలభై దాటినవాళ్ల ఎక్స్‌రేలో కాస్త అరుగుదల కనిపించడం జుట్టు నెరవడం లాంటిది. నొప్పి ఏమీ లేనివాళ్లకీ కనిపిస్తుంది. ఆ కాగితం చూసి మెడకి కాలరు బెల్టు కట్టేసుకుని నెలల తరబడి తిరిగితే కండరాలు ఇంకా బలహీనపడతాయి.

2. రెండు వారాలు లెక్క రాయండి, మాత్రలతో సహా

రోజూ రాత్రి ఒక్క గీత: తలనొప్పి వచ్చిందా, పదిలో ఎంత, ఎన్ని గంటలు, ఏ మాత్ర వేసుకున్నారు, ఆ రోజు ఏం పని చేశారు. అంతే.

మాత్రల లెక్క ఎందుకంటే, నొప్పి మాత్రలే తలనొప్పి తెచ్చే స్థితి ఒకటుంది. మామూలు నొప్పి మాత్ర నెలకి 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే ఆ అలవాటే కొత్త తలనొప్పికి కారణమవుతుంది. మెడ ఎంత సరిచేసినా అది పోదు. డాక్టరు సలహాతో మాత్ర తగ్గించాలి. మొదట కొన్ని రోజులు నొప్పి పెరిగి తర్వాత తగ్గుతుంది.

మెడికల్ షాపులో పొట్లం కట్టి ఇచ్చే "నాలుగు రకాల మాత్రలు" అసలు వద్దు. అందులో ఏముందో మీకు తెలియదు, రేపు డాక్టరు అడిగితే చెప్పలేరు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వాళ్లకి ఈ మాట మరీ గట్టిగా చెబుతున్నాను. ఈ ఊళ్లున్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇదీ కారణమని ఇంకా తేలలేదు. కానీ డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయన్నది తేలిన విషయమే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా తలనొప్పికి ఆ మాత్రలు మింగకండి.

3. నొప్పి తెచ్చే కూర్చోవడాన్ని మార్చండి

ఇది వదిలేసి వ్యాయామాలు మాత్రం చేసేవాళ్లే ఎక్కువ. తల బరువు సుమారు అయిదు కిలోలు. నిటారుగా ఉంటే ఆ బరువు వెన్ను మీద పడుతుంది, ముందుకు వంచితే మెడ వెనక కండరాలు మోయాలి.

జీడిపప్పు పొట్టు తీసే ఒకావిడ నా దగ్గరికి మూడు నెలలు తిరిగింది. చేసినప్పుడు తగ్గేది, వారానికి మళ్లీ వచ్చేది. చివరికి అడిగాను, ఎలా కూర్చుంటావమ్మా అని. నేల మీద కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని, చిన్న కత్తితో పప్పు గీకుతుందట, పొద్దున్నించి సాయంత్రం దాకా. పళ్లెం కింద ఒక పీట వేయించాం. చూపు జానెడు పైకి లేచింది. నా చేతులు చేయని పని ఆ పీట చేసింది. మొదటి రోజే ఆ ప్రశ్న అడగనందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మీ పని ఏదైనా ఇదే సూత్రం: మెడ పనికి వంగకూడదు, పనే కంటి దగ్గరికి రావాలి. కుట్టుమిషను వాళ్లు కుర్చీ ఎత్తు తగ్గించి చూడండి. ఫోను చూసేటప్పుడు మోచేతుల కింద దిండు పెట్టుకుంటే ఫోను కళ్ల ఎత్తుకి వస్తుంది. అరగంటకోసారి అర నిమిషం లేవండి. లేవడం మరిచిపోయేవాళ్లకి ఒక ఉపాయం: నీళ్ల బిందె దగ్గర పెట్టుకోకండి, దూరంగా పెట్టండి, లేవక తప్పదు.

పైకి చూడటం కూడా అంతే. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మర్నాడు మెడ పట్టేసిందని వచ్చేవాళ్లు ఏటా ఉంటారు. ఎత్తున ఊరేగే సిరిమానును చూడటానికి జనంలో గంటలకొద్దీ తల వెనక్కి వాల్చి నిలబడితే పట్టేయదా మరి!

దిండు: బోర్లా పడుకోవద్దు. వెల్లకిలా అయితే పల్చటిది, పక్కకి పడుకుంటే భుజానికీ చెవికీ మధ్య ఖాళీ నిండేంత మందం. బూరుగు దూది దిండు నడిమధ్య గుంట పడిపోయి ఉంటే కొత్తది కొనక్కర్లేదు, లోపల మడత పెట్టిన తువ్వాలు దూర్చండి.

4. ఇరవై నిమిషాల వరస

రోజుకి రెండుసార్లు. తలనొప్పి తీవ్రంగా ఉన్న గంటలో కాదు, తగ్గాక చేయండి. తీవ్రంగా ఉన్నప్పుడు కాపడం, పడక, అంతే.

మొదట మెడకీ భుజాలకీ పది నిమిషాలు కాపడం. ఉప్పు మూట ముంజేతి మీద పెట్టి చూసుకున్నాకే మెడ మీద పెట్టండి. షుగరు ఉన్నవాళ్లకి వేడి తెలియక చర్మం కాలుతుంది, వాళ్లు మరీ జాగ్రత్త.

తర్వాత బంతులు. సాక్సులో ముడి కట్టిన రెండు బంతులూ పుర్రె అంచు కింద, వెన్నెముకకి చెరో పక్క వచ్చేలా పెట్టుకుని వెల్లకిలా పడుకోండి. రెండు మూడు నిమిషాలు ఊరికే బరువు వదిలేయండి. బంతులు మెడ మధ్యలోకి జారితే తప్పు. తల దొర్లించడం కూడా తప్పు. కళ్లు తిరిగితే తీసేయండి.

తువ్వాలు తిప్పుడు. వీడియోల్లో ఇది ఎక్కువమంది తలకిందులుగా చేస్తారు, కాబట్టి నెమ్మదిగా చదవండి. తల ఎడమకి సరిగ్గా తిరగడం లేదనుకుందాం. తువ్వాలు అంచు పుర్రెకి సరిగ్గా కింద, మెడ వెనక ఉండాలి. కుడి పక్క కొసను ఎడమ చేత్తో పట్టుకుని కుడి దవడ మీదుగా ముందుకు తేండి. ఎడమ పక్క కొసను కుడి చేత్తో పట్టుకుని గుండె దగ్గర కదలకుండా ఉంచండి. ఇప్పుడు తల ఎడమకి తిప్పుతూ, ఎడమ చేత్తో తువ్వాలును ఆ తిరుగుడుతో పాటే కళ్లకి సమంగా మెల్లగా లాగండి. మూడు సెకన్లు ఆగి వెనక్కి రండి. రెండు మూడు సార్లు చాలు. కుడికి తిరగకపోతే ఇదంతా అటుదిటు. చేస్తున్నప్పుడు నొప్పి అసలు ఉండకూడదు. ఉంటే అంచును కాస్త పైకో కిందికో జరిపి చూడండి, అయినా ఉంటే మానేయండి.

గడ్డం ఊపు. అన్నిటిలోకీ విలువైనది ఇదే, అందరూ విసుక్కునేదీ ఇదే, ఎందుకంటే ఏమీ చేస్తున్నట్టు అనిపించదు. వెల్లకిలా పడుకుని, తల కింద మడత తువ్వాలు పెట్టి, "ఊఁ" అని ఒప్పుకున్నట్టు గడ్డాన్ని కొంచెం లోపలికి దించండి. పది సెకన్లు ఆపండి. పదిసార్లు. పళ్లు బిగించొద్దు, తల పైకి లేవకూడదు, ఊపిరి ఆపకూడదు. సరిగ్గా చేస్తున్నారా అన్నది చూడటానికి రెండు వేళ్లు మెడ ముందు ఇరుపక్కలా పెట్టండి. తాళ్లలాంటి కండరాలు పైకి లేస్తే బలం ఎక్కువైంది, సగానికి తగ్గించండి. వణుకు వస్తే అయిదు సెకన్లతో మొదలుపెట్టండి. పనిలో ఉన్నవాళ్లు గోడకి వీపు ఆనించి నిలబడి కూడా చేయొచ్చు.

చివర్లో భుజం రెక్కలు. కూర్చుని రెండు రెక్కల్నీ వెనక్కి, కిందికి దగ్గర చేసి పది సెకన్లు, పదిసార్లు. భుజాలు చెవుల వైపు లేస్తే పని చెడినట్టే.

చేయకూడనివి: తలను గుండ్రంగా తిప్పడం, చేత్తో తల పట్టి పక్కకి లాగడం, ఎవరికి వారు గడ్డం పట్టి మెడ విరుచుకోవడం. చివరిది అలవాటైనవాళ్లకి రోజుకి పదిసార్లు విరిస్తే గానీ తోచదు. అది ఉపశమనం కాదు, దురద గోక్కోవడం.

5. చేతి వైద్యానికి వెళ్లాలనుకుంటే

వెళ్లండి, తప్పేం లేదు. 2002లో ఆస్ట్రేలియాలో 200 మంది మీద చేసిన పరీక్షలో మెడ చేతి వైద్యమూ, పైన చెప్పిన గడ్డం ఊపు లాంటి తేలికపాటి వ్యాయామాలూ రెండూ ఈ తలనొప్పిని తగ్గించాయి, ఏడాది తర్వాత చూసినా ఆ మేలు నిలిచింది. 2018లో అమెరికాలో 256 మందికి చేసిన కైరోప్రాక్టిక్ పరీక్షలోనూ తలనొప్పి రోజులు తగ్గాయి. అక్కడ చేసినవాళ్లు ఏళ్ల తరబడి అదే చదువు చదివినవాళ్లు. ఆ వైద్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కనీస చదువు 4,200 గంటలు. మన దేశంలో డాక్టర్లకి ఉన్నట్టు కైరోప్రాక్టర్లకి ప్రత్యేక కౌన్సిల్ లేదు. కాబట్టి బోర్డు చూసి కాదు, ఈ ప్రశ్నలు అడిగి లోపలికి వెళ్లండి:

- ఏం చదివారు, ఎక్కడ, ఎన్నేళ్లు? వారాంతపు కోర్సు అయితే నమస్కారం పెట్టి వచ్చేయండి.
- నా బీపీ చూస్తారా, చేతుల బలం, నడక పరీక్షిస్తారా?
- విసురుగా తిప్పకుండా మెల్లగా కదిలించే పద్ధతిలో చేయగలరా?
- ఎన్నిసార్లకి తేడా తెలియాలి? తెలియకపోతే ఏం చేస్తారు?

మొదటి రోజే, ఏమీ అడగకుండా తల పట్టుకునేవారికి తల ఇవ్వకండి. ముందే డబ్బు కట్టించుకునే ఇరవై సిట్టింగుల ప్యాకేజీ వద్దు, ఆరు దగ్గర ఆగి చూసుకోండి. ఎముకలు గుల్లబారినవాళ్లు, కీళ్లవాతం ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు, ఇదివరకు పక్షవాతం వచ్చినవాళ్లు, చేతులు తిమ్మిరెక్కి వస్తువులు జారిపోతున్నవాళ్లు మెడ విసురుగా తిప్పించుకోనే కూడదు. మెడ లోపల మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమనులున్నాయి. విసురులో అవి చీలడం చాలా అరుదు. జరిగితే మాత్రం పక్షవాతం.

మంగలి షాపులో క్షవరం అయ్యాక ఊరికే చేసే ఆ తిప్పుడు సంగతి. చదువుకునే రోజుల్లో నేనూ చేయించుకున్నాను, రెండు రోజులు మంచం దిగితే కళ్లు తిరిగాయి. ఆయన్ని తప్పుపట్టను, అందరూ అడుగుతారు కాబట్టి చేస్తాడు. "తల మాలిష్ చాలు అన్నా, మెడ ముట్టుకోకు" అని కుర్చీలో కూర్చునేటప్పుడే చెప్పండి. మధ్యలో చెబితే అప్పటికే తిప్పేసి ఉంటాడు. బ్యూటీ పార్లరులో తల కడిగే బేసిను మీద మెడ వెనక్కి వాల్చినప్పుడు కూడా కింద తువ్వాలు పెట్టించుకోండి.

చేతి వైద్యం అయ్యాక ఒకటి రెండు రోజులు కండరం నొప్పి మామూలే. మొదట్లో రాసిన ప్రమాద సూచనలు కనిపిస్తే మామూలు కాదు.

6. తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది?

"కొంచెం బాగానే ఉందండీ" అనే మాటని నేను నమ్మను. నోటుపుస్తకం చూపించమంటాను. మొదటి రెండు వారాల్లో తలనొప్పి ఎన్ని రోజులు, అయిదు, ఆరు వారాల్లో ఎన్ని రోజులు? పది ఆరుకి దిగితే దారి సరైనదే. మాత్రలు ఎన్ని తగ్గాయి? పాత ఫోటో పక్కన పెట్టి గడియారం పరీక్ష మళ్లీ చేయండి, ఒంటిగంట దగ్గర ఆగిన ముక్కు ఒకటిన్నరకి చేరుతోందా? బండి వెనక్కి తీసేటప్పుడు నడుము తిప్పకుండా వెనక చూడగలుగుతున్నారా?

మొదటి వారం చూసి మానేయకండి, తేడా సాధారణంగా మూడో వారంలో మొదలవుతుంది. తగ్గగానే మానేయడం ఇంకో పొరపాటు. తగ్గాక గడ్డం ఊపు ఒక్కటైనా రోజుకోసారి ఉంచుకోండి.

ఆరు వారాలు నిజాయితీగా చేసినా రోజులు తగ్గకపోతే నోటుపుస్తకం తీసుకుని శ్రీకాకుళం రిమ్స్‌కో, విశాఖ కేజీహెచ్‌కో వెళ్లి నరాల డాక్టరును కలవండి. కంటి పరీక్ష కూడా ఆ వారమే చేయించుకోండి. వెళ్లేటప్పుడు ఎక్స్‌రే కవరు ఇంట్లో మరిచిపోయినా పరవాలేదు, నోటుపుస్తకం మాత్రం మరవకండి. డాక్టరు అడిగే మొదటి పది ప్రశ్నలకి జవాబులు అందులోనే ఉంటాయి.